అవ్వ వాపసు తీసుకున్న మొక్కు

పోయిన నెల ఒక సాయంత్రం, భూపాలపల్లిలో మా పక్క క్వార్టరు సునీత తన చిన్నకూతుర్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది. వాళ్లాయన బొగ్గు గనిలో భూమి లోపలి పని చేస్తాడు. ఆదివారం మేమిద్దరం ఒకే చర్చికి పోతాం. ఇంకా సరిగ్గా కూర్చోకముందే, "టీచరమ్మా, మా ఆయనకు లోపలి పని తప్పి పైపని దొరికితే ఈ చిన్నదాన్ని దేవునికిస్తనని మొక్కిన. పెద్దగయినంక సేవకు పంపుత. నువ్వు జర ప్రార్థన చెయ్యి" అంది. ఆ పిల్ల నేనిచ్చిన బిస్కెట్టును రెండు చేతులతో పట్టుకుని కొరుకుతోంది, తనను ఎవరికో ఇచ్చేశారన్న సంగతి దానికి తెలియదు. నాకు డెబ్బై దాటాయి, మోకాళ్లు అరిగాయి గాని కోపం మాత్రం అరగలేదు. "పిల్లనడిగినవా?" అన్నాను. "చిన్నది గదా" అంది. "నీ మెడల గొలుసు ఇస్తనంటే నీ ఇష్టం. గా పిల్ల నీ గొలుసా?" అన్నాను. సునీత మూతి ముడుచుకుని లేచి వెళ్లిపోయింది. నాలుగు రోజుల తర్వాత తనే వచ్చి, "గంత కోపమెందుకొచ్చింది చెప్పు" అని నా ఎదురుగా కూర్చుంది. ఆమెకు చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మాది కొడకండ్ల దగ్గర ఊరు. మా బాపు మోట బొక్కెనలు కుట్టేవాడు. కరెంటు మోటార్లు ఇంకా అన్ని బావులకూ రాని కాలం, ఎద్దులను తోలి తోలు బొక్కెనతో నీళ్లు పైకి లాగేవారు. చుట్టుపక్కల ఏ బావి మీద బొక్కెన చిరిగినా బాపు కోసం మనిషి వచ్చేవాడు. ఇంటి వెనుక లంద ఉండేది, అంటే తోళ్లు నానబెట్టే గుంట. అందులో తంగేడు చెక్క నాని నాని ఎర్రటి నీళ్లు ఊరేవి. ఆ వాసనకు కొత్తవాళ్లు ముక్కు మూసుకునేవారు. మాకది ఇంటి వాసన. బడి నుంచి వస్తుంటే మలుపు దగ్గరే ఆ వాసన తగిలేది, అప్పుడు ఆకలి గుర్తొచ్చేది. బాపు మాట్లాడేది తక్కువ. ఆరె, అంటే తోలుకు తూటు పొడిచే సూది, చేతబట్టి తోలు కుడుతూ, నోట్లో దారం కొస పెట్టుకుని, ఏది అడిగినా "ఊఁ" అనేవాడు. ఆ ఊఁకు అర్థం అవునో కాదో అవ్వ ఒక్కదానికే తెలిసేది. మా వైపు అమ్మనే అవ్వ అంటాం.

అవ్వకు బాప్తిస్మంలో ఎలిసబెత్ అని పేరు పెట్టారు. ఆ పేరుతో పిలిస్తే ఆమె పలికేది కాదు, వెనక్కి తిరిగి ఇంకెవరైనా ఉన్నారా అని చూసేది. ఊరందరికీ ఆమె ఎల్లమ్మే. పెళ్లయి మా ఇంటికొచ్చాకే ఆమె క్రైస్తవురాలైంది. ఆమె పుట్టింట్లో మాటంటే మాటే. అమ్మవారికి మొక్కితే ఆ మొక్కు తీర్చేదాకా ఇంటి పెద్ద కంటికి కునుకు పట్టేది కాదట. ఆ భక్తిని నేనెన్నడూ చులకన చేయను, అవ్వకు ఆడిన మాట తప్పని గుణం అక్కడి నుంచే వచ్చింది. కాని ఆమె ఏసుప్రభువు దగ్గరికి వచ్చేటప్పుడు ఆ భయాన్ని కూడా వెంట తెచ్చుకుంది. దేవుడంటే వాటా అడిగేవాడు, వాటా తప్పితే అలిగేవాడు అనుకునేది.

మా ఇళ్లలో అన్నం వండేముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. దాన్ని దేవుని బియ్యం అనేవారు. ఆదివారం ఆడవాళ్లందరూ ఆ బియ్యం మూట కట్టి గుడికి తెచ్చేవారు. చర్చిని మేం గుడి అనే అనేవాళ్లం. ఆ బియ్యం కొంత పాస్టరుగారి ఇంటికి, కొంత ముసలీముతకకు పోయేది. అందరూ అది తోటివాళ్ల కోసమని తెలిసే వేసేవారు. అవ్వ ఒక్కతే అది నిజంగా దేవుడు తింటాడనుకునేది. పిడికెడు వేసి, కుండ మీద మూకుడు బోర్లించి, "తిను తండ్రీ, మావోళ్లను సల్లగ జూడు" అని నెమ్మదిగా అనేది. నేను నవ్వితే నెత్తి మీద మొట్టికాయ పడేది.

వాక్యం నేర్పడానికి నెలకోసారి జనగామ నుంచి రూతమ్మ వచ్చేది. ఆమె బైబిలు స్త్రీ. చదువురాని ఆడవాళ్లకు ఇంటింటికీ తిరిగి లేఖనాలు కంఠతా పట్టించడమే ఆమె పని. తెల్లచీర, నల్ల గొడుగు, భుజాన సంచి, ఎండకు మాడిన మొహం, గరుకు గొంతు. వచ్చీరాగానే చేట తెమ్మని, బియ్యంలో రాళ్లు ఏరుతూ పాఠం మొదలుపెట్టేది. "చేతులు ఊకెనే ఉంటే నోరు ఊసులాడుతది" అనేది. అవ్వ ఆమెకు ఎదురుగా కూర్చుని మాట వెంట మాట అప్పజెప్పేది. అవ్వకు ఎంత జ్ఞాపకశక్తో, ఒకసారి విన్న అధ్యాయం మళ్లీ నెలకు ఒక్క అక్షరం పోకుండా చెప్పేది. కాని గుడిలో నోరు విప్పేది కాదు. పాస్టరుగారు కోస్తా నుంచి వచ్చిన మనిషి, ఆయన ప్రార్థన పుస్తకంలా ఉండేది. పెద్దలందరూ ఆయనలాగే "వచ్చియున్నాము తండ్రీ" అని ప్రార్థించేవారు. అవ్వ "నాకు గా భాష రాదు" అని వెనుక గోడకు ఆనుకుని కూర్చునేది.

అది అరవై తొమ్మిది. ఆ ఏడే తొలిసారి తెలంగాణ కోసం పిల్లలు బడులు విడిచి రోడ్డెక్కారు. మా అన్న దావీదు జనగామలో హాస్టల్లో ఉండి పెద్ద తరగతి చదువుతున్నాడు. నేను ఊళ్లో ఏడో తరగతి పూర్తిచేసి, ఎనిమిదికి జనగామ పోవాలని కాచుకుని ఉన్నాను. మా వాడలో ఆడపిల్ల ఏడు దాటింది లేదు. అన్న నా చదువుకు బాపు దగ్గర మాట తీసుకున్నాడు. అంతలోనే బళ్లు మూతపడ్డాయి. అన్న ఇంటికొచ్చినప్పుడు రెండే మాటలు మాట్లాడేవాడు: మన కొలువులు మనకు రావాలె, మన మాటను చూసి ఎవడూ నవ్వొద్దు. హాస్టల్లో ఎవరో అతను "పోయినం" అంటే పగలబడి నవ్వారట. అది అతని గుండెలో ముల్లయి కూర్చుంది. నేను అతని పాత ఎనిమిదో తరగతి పుస్తకాలు ముందేసుకుని, తంగేడు చెక్క దంచుతూ లెక్కలు చేసుకునేదాన్ని. బడి మూస్తే మూయనీ, నేను మాత్రం ఆగేది లేదని పట్టుబట్టాను.

తర్వాత ఒకరోజు అన్నను పట్టుకుపోయారని కబురొచ్చింది. ఊరేగింపులో ముందు నడిచాడట, వరంగల్ జైల్లో పెట్టారట. బాపు కుడుతున్న బొక్కెన కింద పెట్టి, మళ్లీ తీసుకుని, అదే కుట్టు రెండుసార్లు కుట్టాడు. పాస్టరుగారు ఆ రోజుల్లో బయటికి రావడానికే జంకేవారు, ఆయన మాట వింటే చాలు ఎక్కడి మనిషో తెలిసిపోతుంది. అయినా రెండుసార్లు జైలుకు పోయి అన్నను చూసి, "బాగున్నాడమ్మా, ధైర్యంగా ఉన్నాడు" అని వచ్చి చెప్పారు. అవ్వకు అది సరిపోలేదు. దేవునికి ఎక్కడో తక్కువ చేశాననుకుంది. పిడికెడు బియ్యం రెండు పిడికిళ్లయింది, రెండు మూడయ్యాయి. ఇంట్లో గంజి పలుచనైంది. తర్వాత ఆమె ఒక పూట తినడం మానేసింది. అన్న రాలేదు. తన మెట్టెలు గుడి చందాపెట్టెలో వేసింది. అన్న రాలేదు.

ఆ ఆదివారం సాక్ష్యాల వేళ, అంటే దేవుడు తమకు చేసిన మేలు సంఘమంతా వినేలా లేచి చెప్పే వేళ, అవ్వ మొదటిసారి లేచి నిలబడింది. పాస్టరుగారి భాష తెచ్చిపెట్టుకుని, "దేవా, నా కుమారుని తెచ్చినయెడల నా కుమార్తెను నీకు ఇచ్చుచున్నాను" అంది. ఆడవాళ్లు స్తోత్రం అన్నారు. నేను ఆమె పక్కనే చాప మీద కూర్చుని ఉన్నాను. కుమార్తె అంటే నేనేనని తెలియడానికి కొంచెంసేపు పట్టింది. జనగామ మిషను ఆవరణలో రూతమ్మ దగ్గర ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు ఉండేవారు. వాళ్లు వంట చేస్తూ, వాక్యం నేర్చుకుంటూ పెద్దవాళ్లయి, ఊళ్లు తిరిగేవారు. మంచి పనే, కాదనను. కాని వాళ్లకు బడి లేదు, పెళ్లి లేదు, తమదంటూ ఒక ఇల్లు లేదు. అది ఎవరైనా కోరుకుని పోవలసిన దారి.

ఇంటికొచ్చాక "నేను పోను" అన్నాను. "మాటిచ్చిన" అంది అవ్వ. "నువ్విచ్చినవు, నేనియ్యలే." చెంప మీద కొట్టింది. కొట్టి తనే ఏడ్చింది. "నీ అన్న జైల్ల ఉన్నడే. నీకు చదువు ముఖ్యమా?" అని అడిగింది. అన్న కావాలి, చదువూ కావాలి. రెండూ కావాలనడం పాపమన్నట్టు ఆమె నన్ను చూసింది. బాపు లంద దగ్గర కూర్చుని అంతా విన్నాడు. నోట్లోంచి దారం తీసి, "ఎల్లమ్మా, మోట బొక్కెనకు బావి గావాలె. బావికి బొక్కెనతోని ఏం పని?" అన్నాడు. బాపు అంత పెద్ద మాట అనగా నేను వినడం అదే మొదటిసారి. అవ్వ మాత్రం, "నీకేం ఎరుక, బొక్కెనలు కుట్టుకో" అని కసిరి లోపలికి పోయింది.

ఇంకో నెలకు అన్న వచ్చాడు. గడ్డం పెరిగి, ఎముకలు తేలి, నవ్వుతూ వచ్చాడు. అవ్వ అతని కాళ్లు కడిగి, కడుపునిండా పెట్టి, మర్నాడు పొద్దున్నే నా బట్టలు మూటగట్టింది. అన్నకు సంగతి తెలిసి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. "నా పానానికి చెల్లెను బదులు వెడతవా? గట్లయితే నేను మళ్ల జైలుకే పోత" అన్నాడు. అవ్వ అతని నోరు మూసింది. దేవుడు విని నిజంగానే తీసుకుపోతాడేమోనని ఆమె భయం. బస్సులు మళ్లీ నడుస్తున్నాయి. నన్ను చెయ్యి పట్టుకుని ఎక్కించింది. దారిపొడవునా నేను ఏడవలేదు. జనగామ చేరాక రూతమ్మకు ఏం చెప్పాలో ఒక్కొక్క మాటే కూడబలుక్కున్నాను.

రూతమ్మ అరుగు మీద కూర్చుని రాళ్లు ఏరుతోంది. అవ్వ నన్ను ముందుకు తోసి, "అక్కా, మొక్కు చెల్లియ్యనీకి వచ్చిన" అంది. రూతమ్మ అంతా విని, చేట పక్కన పెట్టి, నన్నడిగింది.

"నీకేం గావాలె బిడ్డా?"

"చదువుకుంట."

"ఎందుకు?"

బస్సులో కూడబలుక్కున్న మాటలన్నీ మరిచిపోయాను. "నాకిష్టం" అన్నాను.

రూతమ్మ నవ్వింది. "ఎల్లమ్మా, దీన్ని ఇంటికి తీస్కపో" అంది. అవ్వ మొహం పాలిపోయింది. "తీసుకోకుంటే ఎట్లక్కా? నా కొడుకును మళ్ల గుంజుకుంటడు గదా" అంది. ఆ మాటకు రూతమ్మకు కోపం వచ్చింది. "ఎవరు గుంజుకునేది? నలభై ఏండ్ల సంది ఆయన పేరు మీద తిరుగుతున్న, నువ్వు చెప్పే దేవుణ్ణి నేనెన్నడు సూడలే" అంది. తర్వాత గొంతు తగ్గించి, "నా సంగతి ఎవ్వరికి చెప్పలే, నీకు చెప్త. మా ఊళ్లె గత్తరొచ్చింది, వాంతులు బేదులతోని మనుషులు రాలిపోయిండ్రు. ఇంట్ల అందరం బతికితే నన్ను దేవునికిస్తనని మా నాయిన మొక్కిండు. బతికినం. నాకు పన్నెండేండ్లు రాంగనే తెచ్చి గీడ ఇడిశిపెట్టిండు. నేను శానేండ్లు గదే అనుకున్న ఎల్లమ్మా. ఇంటోళ్ల పానాలకు నేను బదులని. నేను సరిగ పని చెయ్యకుంటే మా తమ్ముడు సస్తడేమోనని జరమొచ్చినా ఊళ్లు తిరిగిన. దేవుణ్ణి చూస్తే భయమే, ఇష్టం లేకుండె" అంది.

"మరి తర్వాత?" అని అడిగింది నేనే.

"కాలిరిగి ఆర్నెల్లు మంచాన వడ్డ. ఒక్క ఊరు తిరగలే, ఒక్క వాక్యం చెప్పలే. ఆయన పని ఆగలే. తమ్ముడు సావలే. ఆయనకు నాతోని అవసరం లేదని గప్పుడు తెలిసింది. దుఃఖమొచ్చింది ముందుగాల. తర్వాత ఆలోచన చేసిన. అవసరం లేకున్నా నన్ను దగ్గరికి తీసిండంటే ఏంది దానర్థం? కొదువ ఉన్నోడు బేరం జేస్తడు. ఆయనకు ఏం కొదువ? భూమి ఆయనది, ఆకాశం ఆయనది, నీ బియ్యం, నీ బిడ్డ సుత ఆయన ఇచ్చిందే. ఏ అక్కర లేకుంట మనం గావాలనుకున్నడు. ఇయ్యాలనుకుంటే తన కొడుకునే ఇచ్చిండు, నీ కొడుకును అడగలే. గదే ప్రేమ. లేసినంక ఇష్టముండి తిరిగిన, గిప్పటిదాక తిరుగుతున్న."

అవ్వ నా బట్టల మూట ఒళ్లోకి తీసుకుంది. చివరికి, "సంఘం ముంగట ఇచ్చిన మాట" అంది. "అయితే సంఘం ముంగటనే వాపసు తీసుకో" అంది రూతమ్మ.

ఇంటికి వచ్చిన శనివారమే అన్నకు జ్వరం తగిలింది. ఒళ్లు పెనంలా కాలిపోయింది, పలవరింత మొదలైంది. అన్న కోసం భయం ఒకటి, అవ్వ మళ్లీ నా మూట కడుతుందన్న భయం ఒకటి. పక్కింటివాళ్లు వచ్చి చూసి గుసగుసలాడారు. పొద్దుటిదాకా అవ్వ అన్న నుదుటి మీద తడిగుడ్డ మారుస్తూ కూర్చుంది. తెల్లవారాక లేచి మొహం కడుక్కుని, చీర మార్చుకుని, గుడ్డ బాపు చేతికిచ్చి, "దా" అని నన్ను పిలిచింది. ఎక్కడికని అడిగే ధైర్యం లేక వెంట నడిచాను. ఆమె చేయి చల్లగా ఉంది, నా వేళ్లు నొప్పి పెట్టేలా పట్టుకుంది.

సాక్ష్యాల వేళ అవ్వ లేచింది. ఈసారి పాస్టరుగారి భాష తెచ్చిపెట్టుకోలేదు. ఇంట్లో మాతో ఎట్లా మాట్లాడుతుందో అట్లాగే మాట్లాడింది. "నా కొడుకు జరంతోని పండుకున్నడు. బతుకుతడో లేదో నాకు తెల్వది. నాకు మస్తు భయమైతున్నది, అబద్ధమాడ. అయినా చెప్తున్న, నా బిడ్డను బదులు వెట్టి తప్పు జేసిన. మాట వాపసు తీసుకుంటున్న. తండ్రీ, నీకు ఆకలి లేదంట, ఇన్నొద్దులు నాకు ఎరుక లేకుండె. నా కొడుకును బతికియ్యమని అడుగుత, కాళ్లు వట్టుకొని అడుగుత. గని బేరం మాత్రం జెయ్య" అని కూర్చుంది. ఎవరూ స్తోత్రం అనలేదు. పాస్టరుగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుని, "ఎల్లమ్మగారు చెప్పింది నేను బోధించవలసిన ప్రసంగం" అన్నారు. ఆ తర్వాత మా గుడిలో ఆడవాళ్లు తమ మాటల్లోనే ప్రార్థించడం మొదలుపెట్టారు.

అన్న జ్వరం తొమ్మిది రోజులు ఉండి దిగింది. ఆ తొమ్మిది రోజుల్లో ఒక్కసారి కూడా అవ్వ మాట మార్చుకోలేదు. బళ్లు తెరవగానే నన్ను జనగామలో చేర్పించింది తనే. నేను చదివాను, పంతులమ్మనయ్యాను, గార్లలో, మానుకోటలో పాతికేళ్లకు పైగా పిల్లలకు పాఠాలు చెప్పాను. మా వాడ నుంచి నా వెనుక ఎందరో ఆడపిల్లలు ఏడు దాటారు. ఇప్పుడు చర్చిలు పెద్దవయ్యాయి, మైకులు వచ్చాయి. ఆ మైకుల్లో కొందరు ఇంత ఇస్తే ఇంత దొరుకుతుందని చెబుతుంటే, చదువురాని మా అవ్వ ఆ రోజుల్లోనే దాటివచ్చిన చోటికి చదువుకున్నవాళ్లు తిరిగి పోతున్నారే అని ఒళ్లు మండుతుంది. అన్న అడిగిన తెలంగాణ కూడా వచ్చింది. ఆ రోజు భూపాలపల్లి వీధుల్లో రంగులు చల్లుకుంటుంటే నేను ఇంట్లో కూర్చుని ఏడ్చాను, చూడడానికి అతను లేడు.

అన్న నలభై రెండేళ్లకే గుండె ఆగి పోయాడు. అవ్వ అప్పటికి ముసలిది. శవం పక్కన కూర్చుని ఆమె ఏడ్చిన ఏడుపు నేను ఇంకెక్కడా వినలేదు. మా మేనత్త ఆమె దగ్గరికి జరిగి, మెల్లగా అన్నా నాకు వినపడేలా, "వదినా, గప్పుడు మొక్కు చెల్లిస్తే పోరడు ఉండునేమో" అంది. ఇన్నేళ్ల నా చదువు, ఉద్యోగం, నా ఇల్లు, అన్నీ అన్న ప్రాణం పెట్టి కొనుక్కున్నట్టు అనిపించింది. అవ్వ ఏడుపు ఆపింది. మేనత్త వైపు కాదు, నా వైపు చూసింది.

"ఆయన నాకు కొడుకును అమ్మలే. ఇచ్చిండు" అంది.

తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, "పాట ఎత్తుకో బిడ్డా" అంది. నేను ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆమే ఎత్తుకుంది.